ఎన్డీఏలో పరాయి భాష: డ్రిల్లుకీ నిద్రకీ మధ్య నేర్చుకోవడం ఎలా

ఖడక్‌వాస్లాలో చేరబోతున్నవాళ్ల కోసం, ఇప్పటికే చేరి రగ్డాకి (సీనియర్లు పెట్టే ఒళ్లు హూనం చేసే శిక్షలకి) అలవాటు పడుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో మూడేళ్లు, ఆరు టర్ములు. చివర్లో చేతికొచ్చేది జేఎన్‌యూ డిగ్రీ. అందులో మీ సైన్సో, ఆర్ట్సో, కంప్యూటర్లో ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు అరబిక్, చైనీస్, ఫ్రెంచ్, రష్యన్ భాషల్లో ఒకటి. ఎంపీసీ లెక్కలు చేసీ చేసీ వచ్చిన మనవాళ్లు దీన్ని మొదట పట్టించుకోరు. పరీక్ష తేదీ నోటీసు బోర్డుకెక్కాక పక్క క్యాబిన్ వాడి నోట్సు కోసం పరుగెత్తుతారు.

ముందే రెండు సంగతులు చెప్పేస్తాను, మిగతాదంతా వీటి చుట్టూ తిరిగేదే. ఒకటి: అకాడమీలో కూర్చుని చదువుకునే టైము దొరకదు. దొరికేవల్లా ముక్కలే, కాబట్టి భాషని కూడా ముక్కలు చేసి, పైకి పలుకుతూ నేర్చుకోవాలి. రెండు: ఇంగ్లిషు మీదుగా వెళ్లకండి. క్లాసులో వివరణ ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటుంది, అది వినండి. మీ బుర్రలో మాత్రం కొత్త భాషని నేరుగా తెలుగుకి కట్టండి. చాలాచోట్ల ఇంగ్లిషు కంటే తెలుగే దగ్గర. ఎక్కడెక్కడ దగ్గరో కింద చూపిస్తాను.

నిజానికి మనవాళ్లలో చాలామందికి అకాడమీలో తగిలే మొదటి పరాయి భాష హిందీ. సీనియర్ హిందీలో అరిచింది అర్థమయ్యేలోపే మీ వంతు ఫ్రంట్ రోల్స్ మొదలైపోతాయి. అయినా ఒక్క టర్ములో హిందీ వచ్చేస్తుంది. పుస్తకం ముట్టకుండానే, పొద్దున్నుంచి రాత్రి దాకా చెవిన పడి, నోట పలికి వస్తుంది. ఆ పద్ధతినే రెండో భాషకి వాడుకోవాలి.

ఏ భాష తీసుకోవాలి

కోరిందే దక్కుతుందని లేదు. అడిగితే మాత్రం చెప్పడానికి ఒక కారణం దగ్గర పెట్టుకోండి. "ఏది సులువు సార్" అని సీనియర్ని అడిగితే ఆయన తీసుకున్నది తప్ప మిగతావన్నీ సులువంటాడు.

నేవీకో ఎయిర్‌ఫోర్స్‌కో వెళ్లేవాళ్లకి రష్యన్ ఇప్పటికీ అక్కరకొస్తుంది. సుఖోయ్-30, మిగ్-29కె, విశాఖలో కనిపించే సింధుఘోష్ తరగతి సబ్‌మెరైన్లు, 2013లో సెవెరద్విన్‌స్క్‌లో మన నేవీ చేతికొచ్చిన విమానవాహక నౌక విక్రమాదిత్య, ఇవన్నీ ఆ భాషలో పుట్టినవే. ఫ్రెంచికి రఫేల్ విమానాలు, స్కార్పీన్ సబ్‌మెరైన్లు ఉన్నాయి. దానికంటే పెద్ద కారణం ఆఫ్రికా. కాంగోలో ఐక్యరాజ్య సమితి శాంతి దళంలో మనవాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడ ఆఫీసు భాష ఫ్రెంచే. అరబిక్‌కి లెబనాన్, గోలన్, సూడాన్ చుట్టుపక్కల మిషన్లున్నాయి. అన్నట్టు అకాడమీలో గుమ్మటంతో నిలబడ్డ సుడాన్ బ్లాక్‌కి డబ్బు ఆ దేశం ఇచ్చిందే. రెండో ప్రపంచ యుద్ధంలో అటువైపు పోరాడిన భారత సైనికుల గౌరవార్థం ఇచ్చారు.

చైనీస్ సంగతి వేరు. పదాతిదళంలోకి వెళ్లి లద్దాఖ్‌లోనో సిక్కింలోనో అరుణాచల్‌లోనో పోస్టింగు పడితే ఆ భాష సరిహద్దుకి అవతలే వినిపిస్తుంది. నాథూ లా, బూమ్ లా, చుషూల్ దగ్గర రెండు వైపుల అధికారులూ బల్లకి అటూ ఇటూ కూర్చుంటే మధ్యలో దుబాసీ ఉండాలి. 2020 జూన్ 6న చుషూల్‌కి ఎదురుగా చైనా వైపున్న మోల్దోలో కోర్ కమాండర్ల చర్చలు జరిగాయి. అలాంటి బల్ల దగ్గర అవతలివాళ్లు తమలో తాము అనుకునే మాట కూడా అర్థమయ్యే అధికారి మనవైపు ఉండటం మామూలు విషయం కాదు. నాలుగింట్లో ఎక్కువ ఓపిక అడిగేది ఇదే. ఆ ఓపికకి విలువ దక్కేదీ దీనిలోనే అని నా లెక్క.

ఐక్యరాజ్య సమితి అధికార భాషలు ఆరు. ఈ నాలుగూ అందులో ఉన్నాయి కాబట్టి ఏది వచ్చినా నష్టం లేదు.

మొదటి నెల: నోరు తిప్పడం

అందరూ చేసే పని, కొత్త పదం పక్కన ఇంగ్లిషు అక్షరాల్లో ఉచ్చారణ రాసుకోవడం. మీరు తెలుగు లిపిలో రాసుకోండి. ఇంగ్లిషు 26 అక్షరాల్లో పట్టని ధ్వనులు మన లిపిలో పడతాయి.

చైనీస్‌నే తీసుకోండి. పిన్యిన్‌లో, అంటే చైనీస్‌ని ఇంగ్లిషు అక్షరాల్లో రాసే పద్ధతిలో, బి అక్షరం చూసి మనం 'బ' అంటాం. అది నిజానికి గాలి వదలని 'ప'. పి అక్షరం గాలి వదిలే 'ప'. అలాగే డి అంటే త లాంటిది, జి అంటే క. అంటే చైనీయులు పలికే రాజధాని పేరు 'బీజింగ్' కాదు, దాదాపు 'పెయ్‌చింగ్'. వాళ్లకి ప-బ తేడా కంటే గాలి తేడా ముఖ్యం. మనకి వొత్తు అక్షరాలు తెలుసు కాబట్టి ఇది పట్టుకోవడం ఒక రోజు పని. ఎక్స్ అక్షరం మన తాలవ్య 'శ', ఎస్‌హెచ్ మన మూర్ధన్య 'ష'. తెలుగులో ఈ రెండూ కలిపేసి పలికే అలవాటుంటే ముందు అది సరిచేసుకోండి. జడ్ అక్షరానికైతే పాత తెలుగు పుస్తకాల్లో చ మీద 2 అంకె వేసి రాసేవాళ్లే, ఆ దంత్య ౘ సరిపోతుంది. 'చలి' అన్నప్పుడు పళ్ల వెనక నాలుక ఎక్కడ తగులుతుందో గమనించండి, అదే. రష్యన్‌లోనూ ఆ ధ్వనికి ప్రత్యేకంగా ఒక అక్షరం ఉంది.

స్వరాలు నాలుగు. పదం రాసినప్పుడల్లా దాని మీద గీత గీయాల్సిందే. 'మాయ్' అని కిందికి దిగి పైకి లేపితే కొనడం, పైనుంచి కిందికి విసిరితే అమ్మడం. గీత లేకుండా రాసుకున్న పదం రానట్టే లెక్క.

ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులకి మన అరసున్న బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఫ్రాఁస్, బోఁ, పాఁ అని రాసుకుంటే చివర 'న్' పలకాలన్న దురద పోతుంది. ప్రతి నామవాచకాన్నీ ముందున్న 'ల', 'లా'తో కలిపే రాయండి. బల్ల ఎందుకు స్త్రీలింగమైందని ఆలోచిస్తూ కూర్చోకండి.

రష్యన్‌లో 33 అక్షరాలు. వారంలో వస్తాయి. రాయడం కంటే ఊనిక, అంటే పదంలో ఏ భాగాన్ని నొక్కి పలుకుతామన్నది, ముఖ్యం. ఊనిక లేనిచోట 'ఒ' కాస్తా 'అ' అయిపోతుంది, అందుకే 'మొస్క్వా' అని రాసినట్టు కనిపించేది 'మస్క్వా' అని వినిపిస్తుంది. అరబిక్‌లో 28 అక్షరాలు, కుడి నుంచి ఎడమకి. హైదరాబాదులోనో కర్నూలులోనో ఉర్దూ చదివి వచ్చిన కోర్స్‌మేట్ ఉంటే లిపి వాడి దగ్గర నేర్చుకోండి. గొంతు లోపలి 'హ', 'ఐన్' మాత్రం ఉర్దూవాళ్లు కూడా కొత్తగా నేర్చుకోవాల్సిందే.

గ్రామర్ దగ్గర తెలుగుని పిలవండి

"నేను క్యాడెట్‌ని." ఈ వాక్యంలో ఇంగ్లిషువాడికి 'యామ్' కావాలి. మనకి అక్కర్లేదు. రష్యన్‌కీ అక్కర్లేదు: 'యా కదేత్', నేను క్యాడెట్, అంతే. అరబిక్‌లోనూ అంతే: 'అనా తాలిబ్', నేను విద్యార్థిని. ఇంగ్లిషులో ఆలోచించే క్యాడెట్ ఇక్కడ క్రియ ఏదని వెతుకుతూ ఉంటాడు. మీరు వెతకొద్దు.

"నా దగ్గర పుస్తకం ఉంది" అంటాం. రష్యన్‌లో 'ఉ మిన్యా యెస్త్ క్నీగ', మాటకి మాట అదే వాక్యం. అరబిక్‌లో 'ఇందీ కితాబ్', అదీ 'నా దగ్గర పుస్తకం' అనే. 'ఐ హావ్' దగ్గర మొదలెడితే ఈ రెండూ వంకరగా కనిపిస్తాయి.

రష్యన్ విభక్తులు ఆరు. కోర్సులో సగం మంది వీటి దగ్గరే కుదేలవుతారు. డు-ము-వు-లు నుంచి మొదలెట్టి విభక్తులన్నీ స్కూల్లో గొణిగినవాళ్లం మనం. కొరకున్-కై, చేతన్-చేన్-తోడన్-తోన్ అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పట్టిక గీసి, ప్రతి గడి పక్కన తెలుగు ప్రత్యయం రాయండి: కి, ని, తో, లో, గురించి. నూటికి నూరు పాళ్లూ కుదరదు, కానీ మూడొంతులు కుదురుతుంది. మిగతా వంతే బట్టీ పట్టాలి. క్రియల్లో జంటలుంటాయి: 'చితాల్' అంటే చదువుతూ ఉన్నాడు, 'ప్రచితాల్' అంటే చదివేశాడు. మన 'ఏయ్' చేసే పనే అక్కడ ముందు చేరే చిన్న ముక్క చేస్తుంది.

చైనీస్‌లో ప్రశ్న వేయాలంటే వాక్యం చివర 'మా' చేరిస్తే చాలు, మనం 'వస్తావా' అని దీర్ఘం తీసినట్టే. 'ఎక్కడ', 'ఎవరు' లాంటి మాటలు వాక్యంలో ఉండాల్సినచోటే ఉంటాయి, ఇంగ్లిషులోలా ముందుకి ఉరకవు. రష్యన్, ఫ్రెంచిల్లో నువ్వు-మీరు తేడా ఉంది. మేజర్‌ని ఎలా పిలవాలో, కోర్స్‌మేట్‌ని ఎలా పిలవాలో మనకి పుట్టుకతో తెలుసు.

అరబిక్ తీసుకున్నవాళ్లకి ఇంకో సాయం. హాజరు, తారీకు, జవాబు, కలం, హుకుం, వకీలు, అసలు, నకలు: పల్లెటూరి రచ్చబండ మీద వినిపించే ఈ మాటలన్నీ అక్కణ్నుంచి నడిచొచ్చినవే. అరబిక్ పదాలు మూడక్షరాల ధాతువు మీద లేస్తాయి కాబట్టి పదం ఒక్కటే నేర్చుకోకండి, కుటుంబాన్ని నేర్చుకోండి: కితాబ్ పుస్తకం, కాతిబ్ రాసేవాడు, మక్తూబ్ రాసినది, మక్తబ్ ఆఫీసు. క్లాసులో చెప్పేది వార్తల భాష, పుస్తకాల భాష. బీరూట్ వీధిలో మాట్లాడేది వేరు. అది తెలిసి ఉంటే చాలు, ఇప్పుడే దాని జోలికి వెళ్లక్కర్లేదు.

టైము ఎక్కడ దొరుకుతుంది

ఫాలిన్‌లో, అంటే వరసల్లో నిలబడి ఉన్నప్పుడు. అకాడమీ జీవితంలో నడిచే టైము కంటే నడవడానికి నిలబడి ఎదురుచూసే టైము ఎక్కువ. మెస్సు ముందు, డ్రిల్ స్క్వేర్ దగ్గర, క్లాసుకి సైకిళ్ల స్క్వాడ్ కదిలే ముందు. అక్కడ పుస్తకం తెరవలేరు, పెదవి కదపలేరు. బుర్ర మాత్రం ఖాళీయే.

కార్డులు చేసుకోండి. చార్టు కాగితాన్ని విజిటింగ్ కార్డు సైజులో కత్తిరించి, ఒక వైపు తెలుగు మాట, రెండో వైపు కొత్త భాషలో ఒక చిన్న వాక్యం. ఉట్టి పదం వద్దు, వాక్యమే. రోజుకి ఆరు కార్డులు చాలు. రాత్రి స్టడీ పీరియడ్‌లో రాసి, పొద్దున డంగ్రీ (పని దుస్తుల) జేబులో వేసుకోవాలి. చెమటకి తడుస్తాయి కాబట్టి పాలిథిన్ కవరు తప్పనిసరి, ఇంకు పెన్ను కాకుండా పెన్సిలో బాల్ పెన్నో వాడండి. ఫాలిన్‌కి ముందు అర నిమిషం తెలుగు వైపు చూసి లోపల పెట్టేయండి. నిలబడినంతసేపూ రెండో వైపు గుర్తు తెచ్చుకోండి. రాకపోతే ఫాలిన్ విడిపోయాక తీసి చూడండి. చూసి చదవడం కంటే గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ తంటాలోనే పదం అతుక్కుంటుంది. శనివారం రాత్రి కట్ట మొత్తం ఒక్కసారి తిప్పి, వచ్చినవాటిని పక్కన పెట్టి, రానివాటిని వచ్చే వారం కట్టలో కలపండి.

అంకెలకి పుషప్పుల కంటే మంచి బడి లేదు. రష్యన్ సైనికులు లెక్క 'అజీన్'తో కాకుండా 'రాస్'తో మొదలెడతారు: రాస్, ద్వా, త్రీ. పది దాకా ముందుకీ వెనక్కీ లోలోపల లెక్కపెట్టుకోండి. సీనియర్ చెవిన పడేలా మాత్రం లెక్కపెట్టకండి, లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది.

ఇక నిద్ర. పీటీ అయి, టిఫిను తిని, ఫ్యాను కింద కూర్చున్న క్యాడెట్‌కి నిద్ర రాకపోతే ఏదో జబ్బనే అనుకోవాలి. భాష క్లాసులో మొదటి వరసలో కూర్చోండి. ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన ప్రతి వాక్యాన్నీ, మిమ్మల్ని అడగకపోయినా, తిరిగి గొణగండి. కన్ను మూతపడుతుంటే మీ అంతట మీరే లేచి వెనక నిలబడండి. ఒక క్లాసు పోతే ఫిజిక్సులో పుస్తకం చూసి పట్టుకోవచ్చు. ఇక్కడ ఆ రోజు విన్న శబ్దం ఏ పుస్తకంలోనూ ఉండదు.

కోర్స్‌మేట్లే ట్యూషను మాస్టర్లు

మిత్రదేశాల క్యాడెట్లు అకాడమీలో మీతోపాటే శిక్షణ పొందుతారు. తజికిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ వైపు నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి రష్యన్ బాగా వచ్చు. రష్యన్ తీసుకుని స్క్వాడ్రన్‌లో (మీరు ఉండే బృందంలో) తజిక్ కోర్స్‌మేట్ ఉండి కూడా వాడితో ఇంగ్లిషులో మాట్లాడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బేరం సూటిగా పెట్టండి: వాడికి ఇంగ్లిషు ప్రెసీ (సారాంశ రచన) మీరు దిద్దాలి, మీ ఉచ్చారణ వాడు దిద్దాలి. మెస్సులో ఉప్పు, నీళ్లు, ఇంకో రొట్టె అడగడం రష్యన్‌లోనే జరగాలని ఒప్పందం చేసుకోండి. భోజనం దగ్గర వాడే ముప్పై నలభై వాక్యాలు నెల రోజుల్లో నాలుక మీదికి వస్తాయి.

అలాంటి తోడు లేకపోతే మీ సెక్షన్‌లోనే ఒకణ్ని పట్టుకోండి. ఇద్దరూ తెలుగువాళ్లైతే ప్రమాదం. రెండో నిమిషానికి ముచ్చట నెల్లూరు చేపల పులుసు మీదికి పోతుంది.

ఫౌజీ మాటలు ముందు

పాఠ్యపుస్తకం హోటల్లో గది ఎలా అడగాలో చెబుతుంది. మీరు దాని పక్కనే ఇంకో నోట్సు పెట్టండి. మొదటి పేజీలో సావధాన్, విశ్రామ్ రాయండి: రష్యన్‌లో స్మీర్న, వోల్న. ఫ్రెంచిలో గార్దావూ, రపో. చైనీస్‌లో లీ-చంగ్, షావ్-శీ. అరబిక్‌లో ఇస్తఇద్, ఇస్తరిహ్. రోజూ డ్రిల్‌లో హిందీ కమాండ్ వినిపించినప్పుడల్లా లోపల దీన్ని అనుకోండి. తర్వాత ర్యాంకులు, దిక్కులు, దూరాలు, టైము చెప్పడం, "ఆగు", "మళ్లీ చెప్పు", "మెల్లగా మాట్లాడు".

అంకెల్లో మెలికలున్నాయి, వైర్‌లెస్ మీద అవే కొంప ముంచుతాయి. చైనీస్‌లో ఒకటి 'ఈ', ఏడు 'ఛీ'. గరగరలో రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి చైనా సైనికులు ఒకటిని 'యావ్' అనీ, ఏడుని 'క్వాయ్' అనీ, సున్నాని 'తుంగ్' అనీ అంటారు. ఫ్రెంచిలో 98 చెప్పాలంటే నాలుగిరవైలు-పది-ఎనిమిది అనాలి. పారిస్‌లో 70, 90లకి కూడా ఇలాంటి కూడికలే. కాంగోలో మాత్రం బెల్జియం అలవాటు ప్రకారం 70కి సెప్తాఁత్, 90కి నోనాఁత్ అంటారు. మిషన్‌కి వెళ్లేవాళ్లకి రెండూ తెలిసి ఉండాలి.

ఫోను, సెలవులు

ఫోను చేతికొచ్చినప్పుడు ఒక జాగ్రత్త, ఇది సలహా కాదు, హెచ్చరిక. "విదేశీ స్నేహితులతో మాట్లాడి భాష నేర్చుకోండి" అనే యాప్‌ల జోలికి పోవద్దు. యూనిఫాం కుర్రాళ్ల కోసం అవతల కాచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు. మొదటి వారం వ్యాకరణం అడుగుతారు, మూడో వారం మీ స్క్వాడ్రన్ పేరు. 2020 జూలైలో సైన్యం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా 89 యాప్‌లు తీసేయమంది. అంతకు ముందు నెలలో వీచాట్‌తో సహా 59 చైనా యాప్‌లని దేశంలోనే నిషేధించారు. ఎవరైనా తెలియనివాళ్లు తగులుకుంటే డీఓకి (మీ డివిజనల్ ఆఫీసర్‌కి) చెప్పేయండి, దాచకండి.

వినడానికి ఇబ్బంది లేదు. ఫ్రెంచి నేర్చుకునేవాళ్ల కోసం ఆర్‌ఎఫ్‌ఐ రేడియో తేలిక భాషలో పది నిమిషాల వార్తలు ఇస్తుంది. మిగతా భాషల్లోనూ రేడియో వార్తలు డౌన్‌లోడ్ చేసుకుని వినొచ్చు. ఒకే వార్తని మూడు రోజులు వినండి, రోజుకో కొత్త వార్త కాదు. లిబర్టీ రోజున (బయటికి వెళ్లనిచ్చే రోజున) పుణెలో అప్పా బల్వంత్ చౌక్ దాకా వెళ్లగలిగితే పుస్తకాల దుకాణాలు వరసగా ఉంటాయి, మంచి డిక్షనరీ ఒకటి కొనుక్కోండి.

టర్మ్ బ్రేక్‌లో ఇంటికెళ్లాక అమ్మ పెట్టింది తిని నిద్రపోవడం మీ హక్కు, కాదనను. రోజుకి ఇరవై నిమిషాలు కార్డులకి ఇస్తే చాలు. ఇవ్వకపోతే తిరిగొచ్చాక మొదటి నెల పాత పాఠాలకే పోతుంది.

పరీక్ష

పాత ప్రశ్నలు చూస్తే ఏ వ్యాసాలు తిరిగి తిరిగి వస్తాయో తెలిసిపోతుంది: నా అకాడమీ, నా కుటుంబం, నా దినచర్య, నా దేశం. నాలుగూ మీ సొంత వాక్యాల్లో రాసి, ఇన్‌స్ట్రక్టర్‌తో దిద్దించుకుని, పైకి చెప్పడం వచ్చేదాకా చెప్పండి. నోటిపరీక్షకీ అవే పనికొస్తాయి. జవాబు తెలియనప్పుడు మౌనంగా నిలబడకండి. "అర్థం కాలేదు సార్, మళ్లీ చెప్పండి" అని ఆ భాషలోనే అనండి. ఫెయిలైతే ఏమవుతుందో, రెలిగేషన్ (కింది టర్ములోకి దించేయడం) అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

పాసవుట్ అయ్యాక

ఆరో టర్ము అయ్యాక ఆర్మీ వాళ్లు డెహ్రాడూన్‌కి, నేవీ వాళ్లు ఎళిమలకి, ఎయిర్‌ఫోర్స్ వాళ్లు మన దుండిగల్‌కి. అక్కడి ఒత్తిడిలో భాష మొదట పక్కకి పోయేదే. మార్కుల కాపీ, ఫౌజీ మాటల నోట్సు ఇంట్లో పెట్టి రాకుండా ట్రంకులో వేసుకోండి.

కమిషన్ వచ్చాక తలుపులు చాలానే ఉన్నాయి. ఢిల్లీలో రక్షణ శాఖ నడిపే స్కూల్ ఆఫ్ ఫారిన్ లాంగ్వేజెస్ ఉంది, దుబాసీ స్థాయి దాకా చెబుతారు. ఆర్మీ వాళ్లకి పచ్‌మఢీలో ఎడ్యుకేషన్ కోర్ శిక్షణ కేంద్రంలో భాషా విభాగం ఉంది. చైనీస్ కోసం 2023లో సైన్యం తేజ్‌పూర్ విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుంది. హైదరాబాదులో పోస్టింగు పడితే ఇఫ్లూ (ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది. బయటి సర్టిఫికెట్లు కావాలంటే ఫ్రెంచికి డెల్ఫ్, చైనీస్‌కి హెచ్‌ఎస్‌కే. యూనిట్‌లో కుదురుకున్నాక అడ్జుటెంట్‌కి (యూనిట్ పరిపాలన చూసే అధికారికి) మీకు ఏ భాష ఏ స్థాయిలో వచ్చో రాతపూర్వకంగా ఇచ్చి, భాషా కోర్సు ఖాళీలు వచ్చినప్పుడు మీ పేరు పంపమని అడగండి. అడగనివాడి పేరు ఎవరూ పంపరు.